పుప్పిగోరు విషయమై మిత్రుడికి ఉత్తరం

మిర్యాలగూడ

ప్రియ మిత్రమా,

మన్యంకొండ మెట్ల దగ్గర చెప్పులు విడిచినప్పుడు నీ కుడికాలి బొటనవేలి గోరు నా కంటబడింది. నేను చూసినట్టు గ్రహించి నువ్వు పాదాన్ని పంచె అంచు కిందికి లాక్కున్నావు. నలుగురిలో అడగడం బాగుండదని అక్కడ ఊరుకున్నాను గాని, ఇంటికి వచ్చిన నాటి నుండి మనసు మనసులో లేదు. వయసు మీద పడితే గోళ్లు అట్లాగే మొద్దుబారుతాయని వదినె అన్నది. అది వయసు పని కాకపోవచ్చు, ఫంగస్ పట్టిన పుప్పిగోరు కావచ్చు. అదే గోరుతో నేను మూడేళ్లు బాధపడ్డాను కాబట్టి ఇంత ధైర్యంగా రాస్తున్నాను.

నాకు మొదట పాడైంది గోరు కాదు. సాగర్ ఎడమ కాలువ కింద ఏటా రెండు పంటలకూ కరిగెట్లో దిగి నాట్లు వేయించే రోజుల్లో కాలి వేళ్ల సందులు పాచి, తెల్లగా ఒరిసి, రాత్రిళ్లు విపరీతంగా దురద పెట్టేవి. బురదకాళ్లకు అది మామూలేనని వదిలేశాను. కొన్నాళ్లకు బొటనవేలి గోరు ఒక మూల పసుపుపచ్చగా మారి, ఆ పసుపు మెల్లమెల్లగా మొదలు వైపు పాకింది. గోరు దళసరెక్కి నెయిల్ కట్టర్‌కు లొంగకుండా పోయింది. పుల్లతో గీరితే దాని కింద నుండి తడిసి ఎండిన జొన్నపిండి వంటి పొడి రాలేది. మందుల దుకాణంలో అడిగితే ఒక ట్యూబు ఇచ్చారు. అందులో స్టెరాయిడ్ కలిసి ఉన్నదని నాకు తెలియదు. దురద నాలుగు రోజుల్లో తగ్గింది, తామర మాత్రం చీలమండ దాకా ఎక్కింది. ఆ తర్వాత ఎవరో చెప్పిన మాత్రలు నెల రోజులు మింగి, గోరు ఎప్పటిలాగే ఉన్నదని మానేశాను. నేను చేసిన అసలు తప్పు అదే, నువ్వు చేయకూడదని కోరుకునేదీ అదే.

చివరికి నల్గొండలో చర్మవైద్యుడి దగ్గరికి వెళ్లాను. ఆయన వెంటనే మందు రాయలేదు. పాడైన గోళ్లలో దాదాపు సగమే ఫంగస్ వల్ల పాడవుతాయని, సోరియాసిస్ వల్లా, పాత దెబ్బ వల్లా, బిగుతు బూట్ల ఒరిపిడి వల్లా కూడా గోరు అచ్చంగా ఇట్లాగే కనిపిస్తుందని చెప్పి, గోరు కింద పొడిని చిన్న కత్తితో గాజుపలక మీదికి గీకి, పొటాషియం హైడ్రాక్సైడ్ చుక్క వేసి మైక్రోస్కోపులో చూశారు. నన్నూ చూడమన్నారు. కొమ్మలు చీలిన సన్నని ఫంగస్ దారాలు కనిపించాయి. మరికొంత పొడిని కల్చర్‌కు, అంటే ఫంగస్‌ను పెంచి ఏ రకమో చూసే పరీక్షకు, పంపితే మూడు నాలుగు వారాల తర్వాత అది ట్రైకోఫైటాన్ రుబ్రమ్ అనే ఫంగస్ అని తేలింది. కాలిగోళ్లను ఎక్కువగా పట్టేది అదేనట.

నాకు ఫంగస్‌ను చంపే టెర్బినఫిన్ 250 మిల్లీగ్రాముల మాత్ర రోజుకొకటి చొప్పున 12 వారాలు రాశారు. చేతిగోళ్లకైతే 6 వారాలు చాలు. ముందుగా రక్తం తీసి కాలేయ పరీక్ష చేయించారు. కళ్లు పచ్చబడినా, మూత్రం ముదురు రంగులో వచ్చినా, నాలుకకు రుచి తెలియకపోయినా మాత్ర ఆపి వెంటనే రమ్మన్నారు. ఆ రోజే పసుపు ఆగిన చోట గోరు మీద బ్లేడుతో సన్నని గీత గీశారు. మిత్రమా, ఆ చిన్న గీతే నన్ను నిలబెట్టింది. కాలిగోరు నెలకు ఒకటి, ఒకటిన్నర మిల్లీమీటర్ల కంటే పెరగదు. పాడైన గోరు బాగుపడదు, దాని వెనుక నుండి కొత్తది పెరిగి పాతదాన్ని బయటికి నెట్టాలి. నెల తిరిగేసరికి గీత వెంట్రుకవాసి ముందుకు జరిగింది, దాని వెనుక మంచి గోరు గులాబీ రంగులో కనిపించింది. మాత్రలు అయిపోయాక కూడా ఆ మందు గోటిలో కొన్ని నెలలు నిలిచి పనిచేస్తుంది. గోరు పూర్తిగా మారడానికి నాకు పదిహేను నెలలు పట్టింది.

పైపూతల సంగతి కూడా విను. గోళ్లరంగులా గోరు మీద పూసే అమోరోల్ఫిన్ అనే మందును వారానికి ఒకటి రెండుసార్లు చొప్పున ఏడాది దాకా వేయాలి. గోరు చివర మాత్రమే పాడైనప్పుడు అది పనికొస్తుంది, మొదలు దాకా పాకినదానికి ఒక్క పూతే సరిపోవడం అరుదు. వెనిగర్, పసుపు, వెల్లుల్లి అన్నీ నేను చేసి చూశాను, ఏదీ గోరు లోపలికి దిగదు.

నీ విషయంలో నాకు భయం ఎక్కువ, ఎందుకంటే నీకు షుగరు ఉన్నది. మొద్దుబారిన గోరు పక్క కండను ఒత్తి పుండు చేసినా, అరికాలి స్పర్శ తగ్గితే నీకు తెలియదు. ఆ పుండు నుండి చీము పాదమంతా పాకవచ్చు. నువ్వు కొలెస్ట్రాల్ మాత్ర, గ్యాసు మాత్ర కూడా వేసుకుంటున్నావు కదా, వాటి చీటీలన్నీ డాక్టరుకు తప్పకుండా చూపించు. ఫంగస్‌కు ఇట్రాకొనజోల్ అనే మరో మందు ఉన్నది. దాన్ని కొన్ని కొలెస్ట్రాల్ మాత్రలతో కలిపి వాడకూడదు, గ్యాసు మాత్ర వేసుకుంటే ఆ క్యాప్సూల్ ఒంటికి సరిగా పట్టదు, గుండె నీరసించినవారికి అసలే ఇవ్వరు.

నీ నెయిల్ కట్టర్‌ను ఇంట్లో మరెవరూ వాడకుండా చూడు. స్నానం కాగానే వేళ్ల సందులు పొడిబట్టతో తుడుచుకో, సాక్సులు ఏ రోజువి ఆ రోజు ఉతికించు. పరీక్ష అయ్యేంతవరకు ఆ గోరుకు ఏ మందూ పూయకు, పూస్తే గీకిన పొడిలో ఫంగస్ ఉండి కూడా దొరకకపోవచ్చు. మహబూబ్‌నగర్‌లో ఏ రోజు చూపించుకుంటావో రాయి. ముందు రోజు రాత్రికే నేను మీ ఇంటికి చేరుకుంటాను, పొద్దున్నే ఇద్దరం కలిసి వెళ్దాం.

నీ స్నేహితుడు