చూడకుండానే ‘నీళ్ళలో తడిసింది’ అని ఎలా రాశారు?

కస్టమర్ కేర్ విభాగం మేనేజర్ గారికి,

విషయం: వారంటీలో ఉన్న కెమెరా ఫ్లాష్‌ను తెరిచి చూడకుండానే తిప్పి పంపడం గురించి.

అయ్యా,

ఫ్లాష్ పాడైనందుకు ఈ ఉత్తరం రాయడం లేదు. వస్తువన్నాక పాడవుతుంది. నేను చెప్పింది మీవాళ్ళలో ఒక్కరంటే ఒక్కరు చెవిన పెట్టలేదు, నా కోపమంతా అందుకే.

నేను జూనియర్ కాలేజీలో ఫిజిక్స్ చెబుతాను. తలతన్యత పాఠంలో, 1957లో అమెరికా ఇంజనీరు హెరాల్డ్ ఎడ్జర్టన్ తీసిన, పాలచుక్క పడి కిరీటంలా చిమ్మిన ఫోటో చూపిస్తే పిల్లలు “సార్, ఇది మనం తీయలేమా?” అని అడిగారు. అప్పట్నుంచి ఇంట్లోనే తీస్తున్నాను. సెలైన్ సెట్టు వేలాడదీసి, దాని చక్రం తిప్పుతూ కింద నల్ల పళ్ళెంలోకి ఒక్కో చుక్కే వదులుతాను. చుక్క పడే చోట సూది నిలబెట్టి, దాని మొన మీద మాక్రో లెన్స్ (చిన్నవాటిని బాగా దగ్గర నుంచి తీసే లెన్స్) ఫోకస్ చేసి, సూది తీసేసి, లైట్లు ఆర్పేస్తాను. అక్కడ చుక్కను ఆపేది షట్టర్ కాదు, ఫ్లాష్. పవర్ 1/32కో 1/64కో తగ్గిస్తేనే ఆ మెరుపు సెకనులో పదివేలో వంతు దాకా కుదించుకుంటుంది. మీ ఫ్లాష్ ఏ నంబరు పెట్టినా ఫుల్ పవర్‌లోనే వెలుగుతోంది. ఫోటోలో చుక్కకు బదులు తెల్లటి మరక పడుతోంది.

ఇదే మాట మీ హెల్ప్‌లైన్‌కు చెప్పాను. “బ్యాటరీలు మార్చారా సార్?” అన్నారు. మార్చాను. “ఆఫ్ చేసి ఆన్ చేయండి.” చేశాను. సూపర్‌వైజర్ ఫోన్ చేస్తారన్నారు, ఎవరూ చేయలేదు. మళ్ళీ నేనే చేస్తే ఇంకెవరో ఎత్తారు. కథంతా మొదటి నుంచి చెప్పాను. “మీ టికెట్ క్లోజ్ అయింది సార్, సమస్య తీరిపోయినట్టు ఉంది” అన్నారు. ఎవరికి తీరింది? ఆ తర్వాత మాట్లాడిన అమ్మాయి మాక్రో అంటే ఏమిటని అడిగింది. ఆ అమ్మాయిని ఏమీ అనను, నేర్పకుండా ఫోన్ ముందు కూర్చోబెట్టింది మీరు. ఆటో మోడ్‌లో పెట్టమని చెప్పి ఫోన్ పెట్టేసింది.

చివరికి సొంత ఖర్చుతో సర్వీస్ సెంటర్‌కు కొరియర్ చేశాను. ఫ్లాష్ తిరిగొచ్చింది. బ్యాటరీ మూత మీద నేను అంటించిన టేపు అంచు కూడా లేవలేదు. దాంతో పాటు ఒక కాగితం: ‘నీళ్ళలో తడిసి పాడైంది, వారంటీ వర్తించదు.’

ఏ నీళ్ళు? నేను ఫోన్లో ‘నీటి చుక్కల ఫోటోలు’ అన్నాను. ఆ ఒక్క మాట పట్టుకుని రాసేశారు. ఫ్లాష్ పళ్ళేనికి మూరెడు దూరంలో, తెల్ల ప్లాస్టిక్ షీటు వెనకాల ఉంటుంది. దాని మీద తడి తగల్లేదు. ఇలా ఎవరు రాశారని అడిగితే “సిస్టమ్‌లో అలా ఉంది సార్” అంటారు. మెయిల్ పెడితే ‘మీ అభిప్రాయం మాకు విలువైనది’ అని జవాబు, వెంటనే ఐదు స్టార్లు ఇవ్వమని ఇంకో మెసేజ్. ఇది మనిషిని అవమానించడం.

నా మొదటి కెమెరా మీదే. మా చెల్లెలి పెళ్ళి దానితోనే తీశాను. ఏది కొనాలని పిల్లలు అడిగితే ఇన్నాళ్ళూ మీ పేరే చెప్పాను. ఇక చెప్పలేను.

ఈ ఫ్లాష్ మీ సొంత వెబ్‌సైట్‌లో కొన్నాను. 2020 ఈ-కామర్స్ నియమాల ప్రకారం ఫిర్యాదు అందిందని మీ గ్రీవెన్స్ ఆఫీసర్ 48 గంటల్లో చెప్పాలి, నెలలోపు పరిష్కరించాలి. మీరు రెండూ చేయలేదు. ఇప్పుడూ పలకకపోతే జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కు ఫోన్ చేస్తాను, జిల్లా వినియోగదారుల కమిషన్‌కు వెళ్తాను. 5 లక్షల లోపు వస్తువుకు అక్కడ ఫీజు కూడా లేదు. ఒక్క ఫ్లాష్ కోసం ఇంత దూరం వెళ్తాడా అనుకోకండి. వెళ్తాను.

బాగుచేస్తారో, కొత్తది ఇస్తారో మీరే తేల్చండి. ముందు ఆ ‘నీళ్ళలో తడిసి’ అన్న మాట కొట్టేయాలి. దాన్ని రాసినవారు ఏం చూసి రాశారో నాకు రాతపూర్వకంగా చెప్పాలి. ఫోన్లో మాట్లాడేది ఇక ఏమీ లేదు.

ఇట్లు,
మీ పాత కస్టమర్,
విజయవాడ