ఏడు హాస్య నాటికలకు చోటివ్వండి

సంపాదకులకు,

అయ్యా,

తెలుగు టీవీలో హాస్యానికి ఇప్పుడు దాదాపు రెండే దారులు మిగిలాయి. ఒకటి, ఏళ్ల తరబడి సాగే ధారావాహికలో మధ్యమధ్య ఇరికించే హాస్యపాత్ర. రెండోది, న్యాయనిర్ణేతలు పగలబడి నవ్వుతుండగా చప్పున ముగిసిపోయే స్కిట్. ఎత్తుగడ, ముగింపు ఉండి అరగంటలో పూర్తయ్యే హాస్య నాటికకు చోటు లేకుండా పోయింది. ఈ సందర్భంలో బ్రిటన్‌లో జరిగిన ఒక ప్రయోగాన్ని మీ పత్రిక ద్వారా గుర్తుచేయదలచాను.

1973లో బీబీసీ రెండో ఛానల్ ‘సెవెన్ ఆఫ్ వన్’ పేరిట ఏడంటే ఏడే నాటికలు ప్రసారం చేసింది. ఒకదానికీ మరొకదానికీ కథాసంబంధం లేదు. అన్నింటిలోనూ ప్రధాన పాత్రధారి మాత్రం హాస్యనటుడు రోనీ బార్కరే. ఏడో నాటికతో అది ముగిసింది. అయితే అందులో ఒక నాటిక 1974లో ‘పారిడ్జ్’గా, పిసినారి కిరాణా వ్యాపారి కథ 1976లో ‘ఓపెన్ ఆల్ అవర్స్’గా పూర్తి ధారావాహికలయ్యాయి. రెండోది 1985 దాకా నాలుగు విడతలుగా వచ్చింది.

‘పారిడ్జ్’కు మూలమైన నాటికలో కథ ఎంత చిన్నదో చూడండి. ఫ్లెచర్ అనే పాత నేరస్థుణ్ణి ఇద్దరు వార్డర్లు మారుమూల జైలుకు తీసుకెళ్తుంటారు. ఒకరు మహా కరకు, మరొకరు వట్టి మెతక. దారిలో వాహనం ఆగిపోతుంది. (దాని పెట్రోలు ట్యాంకులో ఫ్లెచర్ చేసిన నిర్వాకం పత్రికలో రాయదగింది కాదు.) కరకు వార్డరు సాయం కోసం వెళ్లగా, ఖాళీ ఇంట్లో మెతక వార్డరు చెప్పుకొనే కాపురం కష్టాలన్నీ ఓపికగా విన్న ఖైదీ, సందు చూసి ఉడాయిస్తాడు. చీకట్లో పడి నడిచి నడిచి, చివరికి ఒక ఇల్లు కనబడితే హమ్మయ్య అనుకొని లోపలికి దూరుతాడు. తీరా చూస్తే అది తాను పారిపోయి వచ్చిన ఇల్లే.

ముగ్గురు నటులు, ఒక గది ఉంటే చాలు, ఇంత నవ్వు పుడుతుంది. ఒంగోలు, నెల్లూరు ప్రాంతాల్లో నాటక పరిషత్తుల పోటీల్లో ఆడే నాటికలు చూసేవారికి ఈ పొదుపు కొత్తేమీ కాదు. పాతతరం సినీ హాస్యనటుడు రమణారెడ్డి గారు నెల్లూరు జిల్లా వారు. ప్రకాశం జిల్లాలో పుట్టిన ధర్మవరపు సుబ్రహ్మణ్యం గారు వెండితెర కంటే ముందు దూరదర్శన్ హాస్య ధారావాహిక ‘ఆనందోబ్రహ్మ’తోనే ఎందరికో ఆత్మీయులయ్యారు.

వారం వారం కొత్త కథంటే ప్రేక్షకులు నిలవరని ఛానళ్లవారు అనవచ్చు. దానికి జవాబు ఆ ఏడు నాటికల పద్ధతిలోనే ఉంది: తెలిసిన ముఖం ఒక్కటే, కథలు మాత్రం వేర్వేరు రచయితలవి. కిరాణా కొట్టు కథ రాయ్ క్లార్క్‌ది. ఖైదీ కథ డిక్ క్లెమెంట్, ఇయాన్ లా ఫ్రెనే జంటది. నటుడి కోసం కూర్చున్న ప్రేక్షకుడికి కొత్త రచయిత పరిచయమవుతాడు, ఏ పాత్రకు పొడిగింపు దక్కాలో ఛానల్‌కు తెలుస్తుంది. వందల భాగాలకు ముందే ఒప్పందం రాసుకొని, ఆనక కథను సాగదీయడం కంటే ఇది చౌక బేరమే.

కనుక దూరదర్శన్ సప్తగిరి అయినా, ప్రైవేటు ఛానళ్లలో ఏదైనా, పేరున్న ఒక హాస్యనటుణ్ణి తీసుకొని ఏడు నాటికలు తీయించాలని కోరుతున్నాను. వాటిలో కనీసం మూడు మన పరిషత్తు రచయితలకు అప్పగించి, వేదిక మీద గంటసేపు నడిచే నాటికను అరగంటకు కుదించే పని కూడా వారి చేతనే చేయించి, ఆ శ్రమకు వేరుగా పారితోషికం ఇవ్వాలని మనవి.

భవదీయుడు,
ఒక నాటకాభిమాని,
ఒంగోలు.