చావలేదురా, ఆగిపోయామంతే

ఒరేయ్ గుండూ,

ముందు నాలుగు తిట్లు తిట్టేసుకో, తర్వాత చదువు. నీ ఉత్తరం వచ్చి రెండున్నర నెలలైంది. జవాబు రెండుసార్లు మొదలుపెట్టాను. ఒకటి సగంలో ఆగింది, రెండోది ఇల్లు మారే హడావుడిలో ఏ పెట్టెలో పడిందో తెలీదు. అవును, ఇల్లు మారాం. అక్కకి ప్రమోషన్ వచ్చింది. నాన్న మోకాలు నయం. నన్ను ఏడిపించిన ఆ పన్ను పీకించేశాను. ఇంటి వార్తలు ఇంతటితో సమాప్తం. నువ్వడిగిన పుస్తకం సంగతి చివర్లో రాస్తాను.

అసలు సంగతి వేరే ఉంది. నేను టీవీలో వచ్చానురా! పదకొండు సెకన్లు. కింద నా పేరు వెయ్యలేదు, "మృత్యువు అంచుల దాకా వెళ్ళొచ్చిన బాధితుడు" అని వేశారు. నవ్వకు. సరే, నవ్వు, నేనూ మొదటి రోజు నవ్వాను. ఇప్పుడు నవ్వు రావడం లేదు, అందుకే రాస్తున్నాను.

పోయిన నెల అల్లుడుగారిని పార్కుకి తీసుకెళ్ళాను. వాడికిప్పుడు పన్నెండేళ్ళు. రోలర్ కోస్టర్ల గురించి వాడికి తెలియని విషయం లేదు, లెక్కల మాస్టారు అడిగేవి తప్ప అన్నీ తెలుసు. నేను కింద నిలబడి సంచి పట్టుకుంటానంటే వినలేదు. "మామయ్యా, మొదటి వరుస ఖాళీగా ఉంది" అని లాక్కెళ్ళాడు. నీ ఎడమకాలి చెప్పు పోయిన రోజు నన్ను చూసినవాడివి, నా ధైర్యం గురించి నీకు వేరే చెప్పక్కర్లేదు.

ఎక్కాం. ఒడి మీదికి బార్ దింపారు. ఒకమ్మాయి వరుసవరుసకీ వచ్చి ప్రతి బార్‌నీ చేత్తో నొక్కి, పైకి లాగి చూసి వెళ్ళింది. (ఈ అమ్మాయిని గుర్తుపెట్టుకో, తర్వాత పనుంది.) బండి కదిలింది. ఎత్తు ఎక్కేటప్పుడు టక టక టక అని ఒక చప్పుడు వస్తుంది చూడు, అది గొలుసు చప్పుడనుకునేవాణ్ణి. కాదట. బండి అడుగున ఒక కొక్కెం ఉంటుంది, పట్టాల మధ్య రంపంలాంటి పళ్ళుంటాయి. కొక్కెం ఒక్కో పన్నూ దాటి పడుతుంటే వచ్చే చప్పుడది. గొలుసు తెగినా బండి వెనక్కి జారకుండా ఆ పళ్ళు పట్టేస్తాయి. ఇదంతా అల్లుడు నా చెవిలో అరిచి చెబుతున్నాడు, నేను కళ్ళు మూసుకుని పళ్ళు లెక్కపెడుతున్నాను.

టక టక టక. టక. అంతే, ఇంక లేదు.

కళ్ళు తెరిచాను. ముప్పావు ఎత్తులో వెల్లకిలా ఉన్నాం, ముందు ఆకాశం తప్ప ఏమీ లేదు. పక్కకి తిరిగితే కింద స్టేషన్ రేకుల కప్పు కనిపిస్తోంది. దాని మీద మూడు టోపీలు, ఒక కళ్ళజోడు, ఒక చెప్పు. ఒంటి చెప్పు! ఒట్టు, అంత భయంలోనూ నువ్వే గుర్తొచ్చావు. అదీ ఎడమకాలిదే.

వెనక వరుసలో ఎవరో ఏడవడం మొదలుపెట్టారు. ఇంకెవరో దేవుణ్ణి పిలుస్తున్నారు. అల్లుడు మాత్రం మెడ సాచి అవతలికి చూసి, "ముందు బండి ఇంకా బ్రేకుల దగ్గరే ఉందనుకుంటోంది మామయ్యా, అందుకే మనల్ని ఆపేసింది" అన్నాడు. ఎవరనుకుంటోందిరా అంటే, కంప్యూటర్ అన్నాడు.

నీకు కూడా అర్థమయ్యేలా చెబుతాను (నీకు అర్థమైతే ఎవరికైనా అర్థమైనట్టే). పట్టా మొత్తాన్ని ముక్కలుగా విడగొడతారు. ఒక్కో ముక్కని బ్లాక్ అంటారు. ఒక బ్లాక్‌లో ఒక్క బండే ఉండాలి. ముందు బ్లాక్ ఖాళీ అయిందని సెన్సర్ చెప్పేదాకా వెనక బండిని కంప్యూటర్ కదలనివ్వదు. బ్లాక్ చివర ఆపడానికి ఏదో ఒకటి ఉంటుంది, బ్రేకో, ఈ ఎత్తు మీది గొలుసో. అంటే మేము ఆగింది ఆగడానికి పెట్టిన చోటే. అది చెడిపోవడం కాదు, దాని పనే అది.

ఇది తెలిశాక భయం సగం తగ్గింది. మిగతా సగం అలాగే ఉంది, అబద్ధం ఎందుకు.

నలభై నిమిషాలు. ఎండ. పక్కనున్న మెట్ల మీదుగా ఇద్దరు టెక్నీషియన్లు ఎక్కొచ్చారు, నడుముకి బెల్టు, బెల్టుకి కొక్కెం. ఒక్కో వరుసకే బార్ విప్పి, నలుగురేసి మనుషుల్ని కిందికి నడిపించారు. మొదటి వరుస వాళ్ళం కాబట్టి మా వంతు ఆఖర్న వచ్చింది. మెట్లు దిగుతూ నేను పెద్దాయన్ని అడిగాను: "ముందు బండి లేదని ఇక్కణ్ణుంచి కనిపిస్తూనే ఉంది కదండీ, నడిపించేస్తే పోయేదిగా?" ఆయన వెనక్కి తిరక్కుండానే అన్నాడు: "నా కళ్ళకీ లేదు సార్. కంప్యూటర్ ఉందంటోంది. జనం కూర్చున్నప్పుడు నేను దాని మాటే వినాలి. రెయిలింగ్ వదలకండి."

ఈ మాట విలువ నాకు ఆ రాత్రి తెలిసింది. ఆగు, ముందు టీవీ సంగతి చెప్పాలి.

గేటు బయటికి వచ్చేసరికి కెమెరాలు సిద్ధం. కిందనుంచి ఎవరో ఫోన్లో తీసి పంపేశారు. ఒక కుర్రాడు మైకు నా మూతి దగ్గర పెట్టి, "చచ్చిపోతామనిపించిందా సార్?" అన్నాడు. నేను రెండు చేతులూ ఊపుతూ బ్లాకుల గురించి నాలుగు నిమిషాలు చెప్పాను. ఆ పెద్దాయన ఏమన్నాడో చెప్పాను. కుర్రాడు ఓపిగ్గా తలూపి, "ఒక్క ముక్కలో చెప్పండి సార్, పైన ఏం గుర్తొచ్చింది?" అన్నాడు. నేను అన్నాను: "అమ్మ గుర్తొచ్చింది."

నిజంగానే గుర్తొచ్చిందిరా. పొద్దున కంట్లో చుక్కలు వెయ్యమంది, మర్చిపోయి వచ్చేశాను. అందుకు గుర్తొచ్చింది!

సాయంత్రం ఇంట్లో అందరం కూర్చున్నాం. "గాల్లో ప్రాణాలు! గంటసేపు నరకం!" ఆరింటి వార్తల్లో గంట, ఎనిమిదింటికి రెండు గంటలైంది, పడుకునే వేళకి మూడు. ఆగి ఉన్న బండి చుట్టూ ఎర్రటి గుండ్రం, దానికొక బాణం. ఢాం ఢాం అని చప్పుడు. తర్వాత గ్రాఫిక్స్‌లో ఒక బండి పట్టా తప్పి కింద పడింది. మా బండి పడలేదని అమ్మకి రెండుసార్లు చెప్పాల్సి వచ్చింది, నేను పక్కనే కూర్చుని ఉండగా! ఆఖరికి నేను. నాలుగు నిమిషాలు మాయం. "అమ్మ గుర్తొచ్చింది", వెనక వయొలిన్. అమ్మ ఏడ్చేసింది. చుక్కల సంగతి చెప్పలేకపోయాను. నువ్వూ చెప్పకు.

పిన్ని ఫోన్ చేసి, "కాళ్ళున్నాయా నాయనా?" అంది. కాళ్ళెందుకు పోతాయి పిన్నీ అంటే, చూపించారుగా అంది. నలిగిపోయిన బండి, స్ట్రెచర్లు. మూలన చీమంత అక్షరాలతో "ఫైల్" అని, అంటే పాత దృశ్యమని, ఉందట. అల్లుడు వెంటనే గుర్తుపట్టాడు. "అది స్మైలర్, 2015. మనది కాదు. మనం కనీసం తలకిందులుగా లేం అమ్మమ్మా. 2024 జూన్‌లో అమెరికాలోని పోర్ట్‌లండ్ ఓక్స్ పార్కులో 28 మంది దాదాపు అరగంట తలకిందులుగా వేలాడారు, తెలుసా" అని ఆవిణ్ణి ఓదార్చాడు. ఆవిడ ఫోన్ పెట్టేసింది.

ఆ రాత్రి నిద్రపట్టక స్మైలర్ గురించి చదివాను. అక్కడ నవ్వు పోయింది.

ఇంగ్లండ్‌లో ఆల్టన్ టవర్స్ అనే పార్కు. 14 సార్లు తలకిందులు చేసే రైడ్ అది, ప్రపంచ రికార్డు. 2015 జూన్ 2న ఖాళీగా పంపిన టెస్ట్ బండి ఒకటి గాలికి వేగం చాలక పట్టా మధ్యలో ఆగిపోయింది. కంప్యూటర్ చూసింది. వెనక బండిని, 16 మంది కూర్చున్న బండిని, ఎత్తు మీదే ఆపేసింది. మమ్మల్ని ఆపినట్టే, గుండూ. అచ్చం అలాగే. ఆ రోజు పట్టా మీదికి ఐదో బండిని చేర్చిన సంగతి అక్కడున్న వాళ్ళలో కొందరికి తెలీదు. ముందేమీ లేదు, కంప్యూటరే పొరబడిందనుకున్నారు. దాన్ని పక్కన పెట్టి చేత్తో బండిని వదిలేశారు. ఢీకొట్టింది. ఇద్దరు అమ్మాయిలు చెరో కాలూ పోగొట్టుకున్నారు. రైడ్‌లో లోపం లేదని తేలింది. మనుషులు ఏం చెయ్యాలో, ఎవరు ఎవరికి చెప్పాలో సరిగ్గా ఏర్పాటు చెయ్యలేదని కోర్టు 2016లో కంపెనీకి 50 లక్షల పౌండ్ల జరిమానా వేసింది.

ఇప్పుడు ఆ పెద్దాయన మాట ఇంకోసారి చదువు.

మా విషయంలో, స్మైలర్‌లో జరిగినట్టు జరక్కుండా ఆపిన మనిషి కథ నడుస్తుంటే, స్మైలర్ బొమ్మలు వేసి, కింద "సిబ్బంది నిర్లక్ష్యం" అని పరుగులు పెట్టించారు. నాకు కోపం ఎక్కడొచ్చిందంటే... లేదు, కోపం కాదు. ఆయన ఇంట్లో వాళ్ళు కూడా ఆ స్క్రోలింగ్ చదివి ఉంటారు కదా అనిపించింది. ఇంకోసారి జనం ఎండలో అరుస్తూ ఉంటే, కింద కెమెరాలు ఉంటే, "సెన్సరే పొరబడిందిలే, వదిలెయ్" అని పై అధికారి ఎవడైనా అంటే? ఆయన ఆగుతాడనే నమ్ముతున్నాను. ఆయన పక్కనున్న కుర్రాడు ఆగుతాడా?

బాటర్‌సీ పార్కు గురించి కూడా ఆ రాత్రే చదివాను, పైన ఉండగా తెలియకపోవడమే మంచిదైంది. 1972 మే 30, లండన్. బిగ్ డిప్పర్ అనే కోస్టర్ బండి, దాన్ని లాగే తాడు నుంచి ఊడిపోయింది, వెనక్కి జారకుండా పట్టాల్సింది పట్టలేదు. ఐదుగురు పిల్లలు చనిపోయారు. టక టక చప్పుడు వింటే ఇప్పుడు నాకు ప్రాణం కుదుటపడుతుంది.

అన్నట్టు ఆ అమ్మాయి. బార్లు లాగి చూసిన అమ్మాయి. కోస్టర్ ఎక్కకముందు అదే పార్కులో ఊగే ఓడ ఎక్కాం. అక్కడ ఆపరేటర్ ఒక్కడే. ఫోన్ చూసుకుంటూ మీట నొక్కాడు, ఒక్క బార్ కూడా ముట్టుకోలేదు. మా ఎదురు వరుసలో ఒక చిన్నపిల్ల, వాళ్ళ నాన్నకీ తనకీ కలిపి ఒకటే బార్. అది ఆయన పొట్ట దగ్గర ఆగిపోయింది. పిల్లకీ బార్‌కీ మధ్య జానెడు ఖాళీ. ఆయన ఊగినంతసేపూ పిల్లని చేత్తో పట్టుకునే ఉన్నాడు. ఇది కూడా ఆ మైకు కుర్రాడికి చెప్పానురా! ఏ వరుసో కూడా చెప్పాను. "అక్కడేమైనా జరిగిందా సార్?" అన్నాడు. లేదన్నాను. మైకు పక్కకి వెళ్ళిపోయింది.

ఏమీ జరగనప్పుడు చూడాల్సిందే అది. ఆస్ట్రేలియాలో డ్రీమ్‌వరల్డ్ అని ఒక పార్కు ఉంది, 2016 అక్టోబర్ 25న నీళ్ళ రైడ్‌లో నలుగురు చనిపోయారు. పంపు ఆగి నీటిమట్టం పడిపోయింది, ఒక తెప్ప ఇరుక్కుంది, వెనక తెప్ప వచ్చి గుద్దింది. ఆ పంపు అదే రోజు అంతకుముందే రెండుసార్లు ఆగిందట. నీళ్ళు తగ్గితే తనంతట తానే ఆగే ఏర్పాటు లేదు. ఖాళీ తెప్పలు ఢీకొన్న ఘటన 2001లోనే జరిగింది. అప్పుడు ఎవరికీ ఏమీ కాలేదు, కాబట్టి ఏ మైకూ రాలేదనుకుంటాను.

అలాగని ఫోన్లో తీసే వాళ్ళందర్నీ తిట్టలేను. 2023లో అమెరికాలో కారోవిండ్స్ పార్కుకి వచ్చిన ఒకాయన ఫ్యూరీ 325 అనే రైడ్ స్తంభం చీలిపోయి ఉండడం చూసి వీడియో తీశాడు. బండి వెళ్తుంటే స్తంభం పైభాగం పక్కకి జరుగుతోంది. చూపించగానే రైడ్ మూసేశారు, స్తంభం మార్చి ఆగస్టులో మళ్ళీ తెరిచారు. ఆ ఒక్క వీడియో ముందు మా అందరి అరుపులూ దిగదుడుపే. కిందనుంచి మమ్మల్ని తీసినవాడు అదే ఫోను ఓడ వైపు తిప్పి ఉంటే...

అల్లుడికి ఒక లెక్క నోటికొచ్చు. పార్కుల అంతర్జాతీయ సంఘం చెప్పేదాని ప్రకారం అమెరికాలో ఒకేచోట శాశ్వతంగా ఉండే పార్కుల్లో తీవ్రంగా గాయపడే అవకాశం కోటీ యాభై ఐదు లక్షల రైడ్లకి ఒకటట. నేను వాడితో అన్నాను, అది పార్కుల వాళ్ళ సంఘం చెప్పే లెక్క, నమ్ము కానీ బార్ లాగి చూసుకో అని. వాడు, "ఆ లెక్కలో ఓడ దగ్గర ఫోన్ చూసే అన్నయ్య ఉన్నాడా మామయ్యా?" అన్నాడు. నీ దగ్గర సమాధానం ఉంటే రాయి.

ఆఖరికి ఏమైందో తెలుసా? గొడవ పెద్దదైందని కోస్టర్ రెండు రోజులు మూసేశారు. ఓడ మర్నాడు కూడా ఊగింది. పార్కుకి ఉత్తరం రాశాను, వరుస నంబరు, టైముతో సహా. "మీ విలువైన సూచనకు ధన్యవాదాలు" అని జవాబొచ్చింది. మళ్ళీ రాశాను. ఈ ఆదివారం వెళ్ళి ఓడ దగ్గర నిలబడి ఎన్ని బార్లు చూస్తున్నారో లెక్కపెడదామంటున్నాడు అల్లుడు. నోటుబుక్కులో గళ్ళు కూడా గీసేశాడు. లెక్కల్లో వాడి సంగతి చెప్పానుగా, కూడికలు నేను చెయ్యాలి.

నువ్వొస్తే ముగ్గురం వెళ్దాం. నిన్ను ఏదీ ఎక్కించం, చెప్పుల మీద ఒట్టు. అక్కడ రేకుల మీద ఉన్నది నీదేనని నిరూపించగలిగితే నిచ్చెన వేసి దింపిస్తాను, ఇన్నేళ్ళ తర్వాత జత కలిస్తే మీ ఆవిడ కూడా

అమ్మ పిలుస్తోంది, చుక్కల టైమైంది. ఇప్పుడు ఒక్కపూట కూడా మర్చిపోవడం లేదు. ఆ పుస్తకం సంగతి, అది ఏ పెట్టెలో ఉందంటే... వస్తున్నానమ్మా!

నీ
తోక