168 రోజులు నా వెంట నిలిచిన మా కళాశాలకు కృతజ్ఞతలు

జూన్ 16వ తేదీ ఉదయం వేసుకున్న మూడు మాత్రలతో క్షయవ్యాధికి నేను తీసుకుంటున్న చికిత్స పూర్తయింది. మొత్తం 168 రోజులు, రోజుకు మూడు మాత్రలు. ఒక్క పూట కూడా తప్పలేదు. ఆ ఒక్క పూట తప్పకుండా చూసుకోవడానికి మా కళాశాలలో ఎంతమంది ఎన్ని విధాలుగా శ్రమపడ్డారో అందరికీ తెలియాలని, వారికి నలుగురి ఎదుట నమస్కరించాలని ఇది రాస్తున్నాను. వారిలో చాలామంది తమ పేర్లు రాయవద్దని కోరారు కనుక సిస్టర్ గారు, వార్డెన్ మేడమ్, వంట అక్క అని నేను రోజూ పిలిచిన పిలుపులతోనే ఇక్కడా పిలుస్తాను. చదివినప్పుడు వారికి తెలుస్తుంది.

మాది అనంతపురం జిల్లాలో వర్షం మీద ఆధారపడి వేరుశనగ వేసుకునే ఒక చిన్న ఊరు. ప్రభుత్వ డిగ్రీ కళాశాలలో బీఎస్సీ మైక్రోబయాలజీ రెండో సంవత్సరం చదువుతూ, కళాశాల వసతిగృహంలో ఉంటున్నాను. 2024 దసరా సెలవుల తరువాత నాకు పొడిదగ్గు మొదలైంది. నెల తిరిగేసరికి సాయంత్రమయ్యేటప్పటికి ఒళ్లు వెచ్చబడటం, తెల్లవారుజామున దిండు తడిసేటంతగా చెమట పట్టడం, జడ వేసుకోవడానికి చేతులెత్తితే ఆయాసం రావడం కూడా తోడయ్యాయి. ఊరికి వెళ్లినప్పుడల్లా నాన్న నన్ను ఒక ప్రైవేటు వైద్యుడి దగ్గరకు తీసుకువెళ్లారు. ఆయన మూడుసార్లు మందులు మార్చారు, మాకు నాలుగు వేల రూపాయలకు పైగా ఖర్చయింది, కానీ ఒక్కసారి కూడా కళ్లె పరీక్ష గాని ఛాతీ ఎక్స్‌రే గాని రాయలేదు. రెండు వారాలకు మించి దగ్గు ఉంటే పరీక్ష చేయించుకోవాలని ఆసుపత్రి గోడల మీద రాసి ఉండే మాట నాకూ తెలుసు. అది నా గురించి రాసిన మాట అని మాత్రం నాకు తట్టలేదు.

డిసెంబరు మూడో వారంలో మా కళాశాల ఎన్ఎస్ఎస్ యూనిట్, రెడ్ రిబ్బన్ క్లబ్ కలిసి, జిల్లా క్షయ నివారణ సిబ్బంది సాయంతో ఆరోగ్య శిబిరం పెట్టాయి. ముందుగా అందరికీ ఒక కాగితం ఇచ్చి దగ్గు, జ్వరం, బరువు తగ్గడం వంటి ప్రశ్నలకు అవును, కాదు అని గుర్తు పెట్టమన్నారు. నేను అన్నిటికీ కాదు అనే పెట్టాను. ఆడపిల్లకు దగ్గు ఉందని నలుగురిలో తెలిస్తే ఏమవుతుందో మా ఇళ్లలో ఎవరూ ప్రత్యేకంగా చెప్పనక్కరలేదు. వరుసలో నా వెనుక నిలబడిన మూడో సంవత్సరం అక్క, ఆ రోజు వాలంటీరుగా ఉన్నారు, నా కాగితం వైపు చూసి ఏమీ అనలేదు. అందరూ వెళ్లిపోయిన తరువాత వసతిగృహం మెట్ల దగ్గర నన్ను కలిసి, "చెల్లీ, వరుసలో నువ్వు దగ్గుతుంటే విన్నాను. రేపు పొద్దున నేను కూడా వస్తాను, ఇద్దరం కలిసి సిస్టర్ దగ్గరకు పోదాం" అన్నారు. నా ఆరోగ్యం మలుపు తిరిగింది ఆ మెట్ల దగ్గరే. అక్కా, ఆ కాగితాన్ని నలుగురిలో చూపించకుండా నా పరువు కాపాడినందుకు మీకు మొదటి నమస్కారం.

మా కళాశాల ఆరోగ్య కేంద్రం అంటే ఒకే ఒక గది. ఒక మంచం, ఒక బరువు తూచే యంత్రం, బీపీ చూసే పరికరం, మందుల అలమర. వారానికి రెండు రోజులు డాక్టరు గారు వస్తారు, మిగిలిన రోజులన్నీ సిస్టర్ గారే. ఆవిడ నన్ను తూస్తే 38 కిలోలు వచ్చాను. కళ్లె పరీక్షకు మూత గట్టిగా బిగించే చిన్న ప్లాస్టిక్ డబ్బీలు రెండు చేతికిచ్చి, అక్కడికక్కడ ఒకటి, మరునాడు నిద్ర లేవగానే ఒకటి ఇవ్వాలన్నారు. నేను మొదట ఉమ్మి నింపి తెచ్చాను. ఆవిడ చిరాకు పడలేదు. కిటికీ తెరిచి, తానే గుండెల నిండా గాలి పీల్చి, కాసేపు పట్టి ఉంచి, లోపలి నుంచి దగ్గి చూపించారు. "నోట్లోది కాదమ్మా, ఊపిరితిత్తుల్లోది కావాలి. ఆరుబయటకు వెళ్లి చెయ్యి, సిగ్గుపడకు" అన్నారు. మరునాడు వేకువన వసతిగృహం వెనుక వేపచెట్టు కింద నిలబడి ఆ రెండో డబ్బీ నింపాను. డబ్బీ మీద పేరు రాయకుండా ఒక సంఖ్య మాత్రమే వేసి, సంచిలో పెట్టి స్వయంగా పంపించిన సిస్టర్ గారి జాగ్రత్త నాకు ఇప్పటికీ గుర్తుంది.

ఫలితం మరునాడే వచ్చింది. కళ్లెను పరీక్షించే యంత్రం క్షయ క్రిమి ఉందా లేదా అన్నదే కాక, రిఫాంపిసిన్ అనే ముఖ్యమైన మందుకు అది లొంగుతుందో లేదో కూడా కొన్ని గంటల్లోనే చెబుతుంది. క్రిమి ఉంది, మందుకు లొంగుతుంది అని వచ్చింది. అంతకు రెండు నెలల ముందే మా ప్రయోగశాల రికార్డులో నీలిరంగు నేపథ్యం మీద ఎర్రని సన్నని కడ్డీల్లా ఉండే ఆ బాక్టీరియా బొమ్మ గీసి, మార్కులు కూడా తెచ్చుకున్నాను. పుస్తకంలోది నా ఊపిరితిత్తుల్లో ఉందని విన్నప్పుడు నా చేతులు చల్లబడిపోయాయి. సిస్టర్ గారు తలుపు మూసి, నా పక్కన కూర్చుని, "ఇది తగ్గే జబ్బు. మందులకు పైసా ఖర్చు లేదు. నీ చదువు ఆగదు. ఈ మూడూ గుర్తుపెట్టుకో, మిగతావి నేను చూసుకుంటాను" అన్నారు. ఆవిడ అన్న మూడు మాటల్లో ఏ ఒక్కటీ తప్పు కాలేదు.

మా అమ్మ భయానికి కారణం వేరే ఉంది. మా తాతగారి అన్నకు ఇదే జబ్బు వస్తే మదనపల్లె దగ్గరి ఆరోగ్యవరం శానిటోరియంలో, అంటే క్షయ రోగులను విడిగా ఉంచే ఆసుపత్రిలో, నెలల తరబడి ఉంచారట. మా ఇంట్లో ఆరోగ్యవరం పేరు ఎప్పుడూ గొంతు తగ్గించి పలికేవారు. జబ్బు మనిషిని ఇల్లు విడిపిస్తుంది, ఊరు విడిపిస్తుంది అని అమ్మ మనసులో నాటుకుపోయింది. 1950ల చివర్లో మద్రాసులో జరిగిన పరిశోధన, ఇంట్లోనే ఉండి మందులు సక్రమంగా వేసుకున్నవారికి కూడా శానిటోరియంలో ఉన్నవారితో సమానంగా నయమవుతుందని నిరూపించిందని, ప్రపంచమంతా ఆ తరువాతే ఇంటి చికిత్సకు మళ్లిందని మా మైక్రోబయాలజీ మేడమ్ అమ్మకు ఫోనులో అరగంట సేపు తెలుగులో విడమరచి చెప్పారు. "మీ అమ్మాయిని తీసుకుపోకండి, ఇక్కడే ఉండనివ్వండి" అని ఆమె అడిగిన తీరుకు అమ్మ ఒప్పుకుంది. లేకపోతే నాకు ఒక సంవత్సరం చదువు పోయి ఉండేది. ఆ తరువాత పెళ్లి మాటే వచ్చేదని కూడా నాకు తెలుసు.

మందు సరిగా పడితే వారాల్లోనే ఇతరులకు అంటించే గుణం చాలావరకు తగ్గిపోతుంది కనుక తొలి రెండు వారాలు విడిగా ఉంటే చాలునని ప్రభుత్వ ఆసుపత్రి వైద్యులు చెప్పారు. వార్డెన్ మేడమ్ పై అంతస్తు చివర రెండు కిటికీలున్న గదిని ఖాళీ చేయించి నాకిచ్చారు. నన్ను ఎందుకు మార్చారని అడిగిన వారికి, "డాక్టరు విశ్రాంతి చెప్పారు" అన్నదే ఆమె జవాబు. నా గదిలోని ఐదుగురినీ కూర్చోబెట్టి నా అనుమతితో విషయం చెప్పి, అందరికీ పరీక్షలు చేయించారు. ఎవరికీ జబ్బు లేదు. వైద్యుల సలహా మేరకు వారు వారానికి ఒకసారి చొప్పున 12 వారాలు నివారణ మందు వేసుకున్నారు. నా వల్ల తమకూ మందులు మింగే అవసరం వచ్చిందని ఆ ఐదుగురిలో ఒక్కరైనా ముఖం చిట్లించలేదు. పదిహేనో రోజున నా పరుపు తామే మోసుకుని పాత గదికి తెచ్చి, కిటికీ పక్క మంచాన్ని నాకు వదిలారు. ఆ కిటికీని చలికాలంలో కూడా మూయలేదు.

డిసెంబరు 31న మొదటి మోతాదు. నా బరువుకు రోజుకు మూడు మాత్రలు వచ్చాయి. మందు వేసుకున్నాక మూత్రం నారింజ రంగులో వస్తుంది, అది మందు రంగే, భయపడవద్దు అని సిస్టర్ గారు ముందుగానే చెప్పి ఉండకపోతే ఆ మధ్యాహ్నమే నేను మందు మానేసి ఉండేదాన్ని. ఉదయం ఏడున్నరకు నేను ఆరోగ్య కేంద్రానికి వెళ్లేదాన్ని. ఆవిడ పని వేళ తొమ్మిదికి మొదలైనా నా కోసం ఏడున్నరకే వచ్చేవారు. మొదటి నెలలో వాంతులు వదల్లేదు, మోకాళ్ల నొప్పులు వచ్చాయి. ఆవిడ డాక్టరు గారితో మాట్లాడి, కాస్త తిన్న తరువాత మాత్రలు వేసుకునేలా మార్పించారు. అప్పటి నుంచి వంట అక్క తెల్లవారకముందే నాకోసం రాగి జావ కాచి, మూత పెట్టిన స్టీలు గ్లాసులో కిటికీ గట్టు మీద ఉంచేవారు. మధ్యాహ్నం కోడిగుడ్డు విడిగా తీసి ఉంచేవారు. నేను ఒక రోజు భోజనానికి రాకపోతే మూడో అంతస్తు ఎక్కి వచ్చి మరీ అడిగేవారు. ఆమె మోకాళ్లు నావాటికంటే ఎక్కువ నొప్పి పెడతాయి.

క్షయ రోగుల పోషకాహారానికి కేంద్ర ప్రభుత్వం నిక్షయ్ పోషణ్ యోజన కింద ఇచ్చే నెలకు 500 రూపాయల సాయాన్ని 2024 నవంబరు నుంచి 1000 రూపాయలు చేశారు. కానీ నా బ్యాంకు ఖాతాకు ఆధార్ జత కాలేదు. ఎన్ఎస్ఎస్ ప్రోగ్రాం ఆఫీసరు సార్ తన స్కూటరు మీద రెండుసార్లు బ్యాంకుకు వెళ్లి, అవసరమైన చోట నన్నూ పిలిపించి ఆ పని పూర్తి చేయించారు. అధ్యాపకులు కొందరు కలిసి నిక్షయ్ మిత్రగా, అంటే క్షయ రోగికి స్వచ్ఛందంగా సాయం చేసే దాతలుగా, నమోదై, ఆరు నెలలూ కందిపప్పు, నూనె, వేరుశనగలు, గుడ్లు ఉన్న పొట్లాన్ని నాకు అందించారు. మంచి తిండి జబ్బు మనిషికే కాదు, ఇంట్లోవారికి కూడా రక్షణ అని జార్ఖండ్‌లో జరిపి 2023లో ప్రచురించిన పరిశోధన చూపింది. ఆహార పొట్లాలు అందిన కుటుంబాల్లో కొత్తగా జబ్బు పడేవారు దాదాపు 40 శాతం తగ్గారు. అందుకే ఆ పొట్లంలో సగం మా ఇంటికి పంపవచ్చా అని నేను అడిగితే, సార్ ఇంకొక పొట్లం అమ్మకు పంపారు.

ఫిబ్రవరి చివరలో రెండో నెల కళ్లె పరీక్షలో క్రిమి కనబడలేదు. అందరూ సంతోషించారు. నాకు మాత్రం ఆ తరువాతే మనసు కుంగిపోయింది. ఒంట్లో బాగుంటే ఇంకా నాలుగు నెలలు ఎందుకు మింగాలన్న విసుగు, పక్క తరగతిలో ఎవరో నన్ను చూసి చున్నీ ముక్కుకు అడ్డం పెట్టుకున్నారన్న బాధ, రాత్రుళ్లు నిద్ర లేకపోవడం. మా కళాశాల కౌన్సెలింగ్ బాధ్యత చూసే మేడమ్ గుర్తుపట్టి నన్ను పిలిచారు. వారానికి ఒకసారి ఆమె గదిలో కూర్చునే దాన్ని. రాత్రి పూట మాట్లాడాలనిపిస్తే ఫోన్ చేయమని ప్రభుత్వ మానసిక ఆరోగ్య సహాయవాణి టెలీ మానస్ నంబరు 14416 ఇచ్చారు. ఒక రాత్రి పదకొండింటికి చేశాను. అటువైపు ఉన్నావిడ తెలుగులోనే, తొందర లేకుండా, నేను ఏడ్చినంత సేపు ఆగి మరీ మాట్లాడారు. డబ్బు కట్టనవసరం లేదు, పేరు చెప్పమని కూడా బలవంతం చేయలేదు. ఆమె ఎవరో నాకు తెలియదు. ఈ ఉత్తరం ఏదో విధంగా ఆమెను చేరితే బాగుండునని కోరుకుంటున్నాను.

1882 మార్చి 24న జర్మన్ వైద్యుడు రాబర్ట్ కాఖ్ ఈ క్షయ క్రిమిని కనుగొన్నట్లు ప్రకటించారు కనుక ఆ రోజును ప్రపంచ క్షయ దినంగా జరుపుతారు. ఈ ఏడాది మార్చి 24న మా సెమినార్ హాలులో మాట్లాడతావా అని మేడమ్ అడిగారు, బలవంతం లేదన్నారు. నేను వేదిక ఎక్కి, "ఈ జబ్బు నాకు వచ్చింది, తగ్గుతోంది" అన్నాను. తరువాత పావుగంట ఏం మాట్లాడానో సరిగా గుర్తు లేదు గాని, దిగి వచ్చేసరికి ముగ్గురు అమ్మాయిలు హాలు బయట నా కోసం నిలబడి ఉన్నారు. ముగ్గురికీ రెండు వారాలు దాటిన దగ్గు. వారిని సిస్టర్ గారి గదికి తీసుకువెళ్లింది నేనే. చున్నీ అడ్డం పెట్టుకున్న అమ్మాయి కూడా మరునాడు వచ్చి నాతో మాట్లాడింది. ఆమెపై నాకు ఇప్పుడు ఏ కోపమూ లేదు.

ప్రిన్సిపాల్ గారు నా హాజరు 75 శాతం కంటే తగ్గినప్పుడు, వైద్య ధ్రువపత్రాల ఆధారంగా సడలింపు ఇప్పించి పరీక్షలకు కూర్చోనిచ్చారు. అన్ని పేపర్లూ రాశాను. వేసవి సెలవుల్లో ఊరికి వెళ్లేముందు సిస్టర్ గారు క్షయ రోగిగా ప్రభుత్వం వద్ద నమోదైన నా నిక్షయ్ సంఖ్య ఆధారంగా మందులు మా ఊరి ప్రాథమిక ఆరోగ్య కేంద్రానికి మారేటట్లు చూశారు. మా ఊరి ఆశా అక్క చివరి వారాల మాత్రలు ఇంటికి తెచ్చి ఇచ్చింది.

కళాశాల యాజమాన్యానికి ఒక మనవి కూడా ఉంది. ఆరోగ్య శిబిరాన్ని డిసెంబరు దాకా ఆపకుండా, కొత్త విద్యార్థులు వసతిగృహంలో చేరిన మొదటి నెలలోనే పెట్టండి. ఆ ప్రశ్నల కాగితాన్ని వరుసలో కాకుండా ఒక్కొక్కరికీ విడిగా ఇచ్చి నింపించండి. నాలా కాదు అని గుర్తు పెట్టేవారు ఇంకా ఉంటారు. సిస్టర్ గారి గదికి ఇంకొక సహాయకురాలిని ఇవ్వండి. ఏడున్నర నుంచి సాయంత్రం దాకా ఒకే మనిషి ఎన్నాళ్లని చేయగలదు?

కళాశాల తెరిచిన రోజునే చికిత్స కార్డు, ఖాళీ అయిన మాత్రల అట్టలు పట్టుకుని సిస్టర్ గారి దగ్గరకు వెళ్లాను. ఆవిడ అట్టలు లెక్కపెట్టి, నన్ను మళ్లీ అదే యంత్రం మీద నిలబెట్టారు. 46 కిలోలు. కార్డు మీద "పూర్తయింది" అని రాసి, ఆరు నెలలకొకసారి రెండేళ్ల పాటు చూపించుకోవాలని తారీకులు వేసి ఇచ్చారు. మొదటిది డిసెంబరులో ఉంది, సిస్టర్. ఏడున్నరకే వస్తాను.