ఎరువు సంచులు మోసిన చేతులకు కృతజ్ఞతలు

రెండు నెలల కిందట నేను అడిగిన ప్రశ్న చిన్నదే: నగరం నడిబొడ్డున నాలుగు కూరగాయల మడులకు మంచి కంపోస్టు ఎక్కడ దొరుకుతుంది? ఇంతమంది ఇంత ఓపికగా సాయపడతారని అనుకోలేదు. ఈ రోజు నాలుగు మడులూ నిండి ఉన్నాయి. చిక్కుడు తీగలు పందిరి అందుకున్నాయి.

అడిగే నాటికి నేను బాగా దిగులుగా ఉన్నాను. అంతకుముందు కొన్న సంచుల మీద కంపోస్టు అనే రాసి ఉంది. విప్పితే పులిసిన వాసన, నిండా చెక్క ముక్కలు. తెలియక అలాగే మడుల్లో కలిపేశాను. వారం తిరిగేసరికి నారు పాలిపోయి, ఎదుగూ బొదుగూ లేక నిలిచిపోయింది. నీళ్లు తక్కువయ్యాయేమోనని ఇంకా పోశాను.

మొదట వచ్చి చూసిన పెద్దాయన గుప్పెడు మట్టి తీసి వాసన చూసి, "ఇది చెడిపోలేదమ్మా, ఇంకా మాగలేదు" అన్నారు. చెక్క ముక్కలను కుళ్లబెట్టే సూక్ష్మజీవులు మట్టిలోని నత్రజనిని తామే వాడేసుకుంటాయనీ, మొక్కకు మిగలదనీ వివరించారు. పారేయనివ్వలేదు. అదంతా ఎత్తి, పచ్చి ఆకులు, కూరగాయల తొక్కలు కలిపి, మీటరు పొడవు, వెడల్పు, ఎత్తు ఉండేలా కుప్ప వేయించారు. అంతకంటే చిన్నదైతే వేడి నిలవదట. తడి సరిపోయిందో లేదో పిడికిట పిండి చూడమన్నారు: ఒకటి రెండు చుక్కలు రాలితే చాలు, ధార కడితే ఎక్కువైనట్టు. తన పొడవాటి థర్మామీటరు కూడా నా దగ్గరే వదిలి వెళ్లారు. నాలుగో రోజు ఉదయం అది 60 డిగ్రీలు చూపించినప్పుడు నా సంతోషం అంతా ఇంతా కాదు. 55 డిగ్రీల పైన కనీసం 3 రోజులు ఉంటేనే కలుపు విత్తనాలు, తెగులు క్రిములు చాలావరకు చస్తాయి. ఆ వేడి కుప్ప నడుమనే ఉంటుంది కాబట్టి అంచుల్లోది లోపలికి వచ్చేలా తిరగేయాలి. ప్రతిసారీ ఆయన వచ్చి పార పట్టారు.

పశువుల కొట్టం ఉన్న అక్కకు విడిగా చెప్పుకోవాలి. మాగిన ఎరువు ఎంత కావాలంటే అంత తీసుకెళ్లమన్నారు. ఈలోగా మరో మిత్రుడు హెచ్చరించాడు: గడ్డి మీద అమైనోపైరాలిడ్ లాంటి కలుపు మందు చల్లి ఉంటే అది పశువు కడుపులోంచి పేడలోకి వస్తుంది, ఎరువు మాగినా త్వరగా విరగదు, చిక్కుడు, టమాటా ఆకులు ముడుచుకుపోతాయి. ఊరికే ఇస్తున్నవారిని ఈ మాట ఎలా అడగాలా అని రెండు రోజులు మథనపడ్డాను. అడిగితే ఆమె నొచ్చుకోలేదు సరికదా, గడ్డి అమ్మినవారిని కనుక్కుని వచ్చి చెప్పారు. అయినా పరీక్షించి చూడమని తనే అన్నారు. మూడు కుండీల్లో ఆ ఎరువు కలిపిన మట్టి, మూడింట్లో మామూలు మట్టి పోసి చిక్కుడు గింజలు పెట్టాం. మూడు వారాల తరువాత ఆరు కుండీల్లోనూ ఆకులు చక్కగా విచ్చుకుని ఉన్నాయి.

చివికిన ఆకుల సంచులు సైకిలు మీద మూడుసార్లు తెచ్చి గుమ్మంలో దించి, మంచినీళ్లయినా తాగకుండా వెళ్లిపోయిన తమ్ముడికీ నా నమస్కారం.

కుప్ప ఇప్పుడు చల్లబడింది. తడిపిన గుప్పెడు ఎరువును సంచిలో మూటగట్టి మూడు రోజుల తరువాత విప్పితే తొలకరి మట్టి వాసన వచ్చింది, పులుపు లేదు. నాకు సరిపోగా ఇంకా నాలుగు సంచుల ఎరువు మిగులుతుంది. అక్క ఇచ్చిన సంచులు ఉతికి ఆరవేశాను, థర్మామీటరు తుడిచి పెట్టాను. ఆదివారం ఉదయం రెండూ తిరిగి ఇచ్చేస్తాను. మడి వేసుకుని ఎరువు కోసం వెతుకుతున్నవారు ఎవరైనా ఉంటే ఆ నాలుగు సంచులు వారివే.