గేటు బయటే ఆగిపోయినవారి కోసం: పర్యాటక శాఖ మంత్రి గారికి బహిరంగ లేఖ

గౌరవనీయులైన మంత్రి గారికి,

నమస్కారం. మహానగరాన్ని ఒక్క రోజులో చూద్దామని ఇంటిల్లిపాదీ బయలుదేరే కుటుంబాల గురించి ఈ లేఖ రాస్తున్నాను. ఫలానా నగరమని పేరు పెట్టడం లేదు. పెద్ద నగరం ఎక్కడున్నా ఈ ఇబ్బంది ఒకటే. సెలవులు తక్కువ, ఊరు పెద్దది, మళ్లీ ఎప్పుడు వస్తామో తెలియదు. అందుకే పొద్దున మ్యూజియం, మధ్యాహ్నం కోట, సాయంత్రం నది ఒడ్డు అంటూ మూడు రోజుల తిరుగుడు ఒక్క రోజుకే పెట్టుకుంటారు. అంత హడావిడి ఎందుకని వారికి సలహా ఇవ్వడం తేలిక. దూరం నుంచి పిల్లాపాపలతో వచ్చినవారికి వేరే దారి లేదు.

మీ శాఖ సందర్శకుల సంఖ్యను ఏటా ప్రకటిస్తుంది. అది అమ్ముడైన టికెట్ల లెక్క. అంత దూరం వచ్చి కూడా లోపలికి వెళ్లలేనివారి లెక్క అందులోకి రాదు. ఏ పెద్ద మ్యూజియం ముందైనా, ఏ కోట గుమ్మం దగ్గరైనా ఒక పావుగంట నిలబడి చూడండి. సంచుల పక్కన మెట్టు మీద ఒకామె కూర్చుని ఉంటుంది. ఒళ్లో పిల్లవాడు నిద్రపోతుంటాడు. పక్కన అత్తగారు మోకాళ్లు నిమురుకుంటూ ఉంటారు. 'మీరు చూసి రండి, నేను ఇక్కడ ఉంటాను' అని ఆమే చెప్పి ఉంటుంది. లోపలి నుంచి వచ్చినవారు ఫోనులో ఫోటోలు చూపిస్తారు. ఆమె ఒక్కొక్కటే చూసి, చాలా బాగుందంటుంది. తర్వాత అందరూ లేచి సంచులు భుజాన వేసుకుని తర్వాతి చోటికి బయలుదేరతారు. అక్కడా ఆమె చూసేది గేటే.

ఇష్టం లేక ఆమె బయట ఉండిపోలేదు. పెద్ద సంచులు లోపలికి రానివ్వరు, క్లోక్‌రూమ్ ఉండదు, ఉన్నా నిండిపోయి ఉంటుంది. అత్తగారు గంటసేపు నిలబడలేరు, లోపల కూర్చునే చోటు ఉందో లేదో తెలియదు. పిల్లవాడు మరుగుదొడ్డికి వెళ్లాలని బయటికి వస్తే అదే టికెట్‌తో మళ్లీ రానివ్వరు. ఈ మూడూ కలిసి ఒక మనిషిని బయటే ఉంచేస్తాయి. ఆ మనిషి చాలాసార్లు ఆ ఇంటి ఆడమనిషే అవుతుంది. నాకు అన్నిటికంటే ఎక్కువ బాధ కలిగించేది ఇదే.

కూర్చునే చోటు సంగతి కొత్తగా కనిపెట్టాల్సింది కాదు. బోస్టన్ లలితకళల మ్యూజియంలో పనిచేసిన బెంజమిన్ ఐవ్స్ గిల్మన్ 1916లోనే 'మ్యూజియం అలసట' అనే వ్యాసం ప్రచురించారు. ప్రదర్శనలోని వస్తువులను ఒక మనిషికి చూపిస్తూ, వాటిని చూడటానికి అతడు ఎలా వంగుతున్నాడో, ఎలా మెడ సాచుతున్నాడో, ఎలా గొంతుక్కూర్చుంటున్నాడో వరుసగా ఫోటోలు తీయించారు. అలసటకు కారణం సందర్శకుడి ఓపిక లేమి కాదని, వస్తువులను అమర్చిన తీరని ఆ ఫోటోలు తేటతెల్లం చేశాయి. వందేళ్లు దాటినా వస్తువు పేరు రాసిన పలక ఇప్పటికీ చాలాచోట్ల మోకాలి ఎత్తులో, చీమ తలకాయంత అక్షరాలతో ఉంటుంది. గదిలో ఒకే ఒక కుర్చీ ఉంటుంది, అది కాపలాదారుది. ఒకచోట ఒక పెద్దాయన అలాంటి పలక చదవడానికి వంగి, తిరిగి లేవలేక అద్దాల పెట్టె అంచు పట్టుకున్నారు. వెంటనే 'ముట్టుకోకండి' అని కేక వినిపించింది. ఆయన సిగ్గుపడి చేయి తీసేశారు. ఆ కాపలాదారు తన పని తాను చేశాడు, అతడిని నేను తప్పుపట్టను. నాలుగడుగుల దూరంలో ఒక బల్ల ఉంటే ఇద్దరికీ ఆ అవస్థ తప్పేది.

న్యూయార్క్ సెంట్రల్ పార్కు విస్తీర్ణం 843 ఎకరాలు. అందులో దాదాపు 10 వేల బెంచీలు ఉన్నాయి. రోమ్ వీధుల్లో 1874 నుంచి తాగునీటి కుళాయిలు పెడుతూ వచ్చారు. ఇప్పుడవి సుమారు 2,500 ఉన్నాయి, ఎవరైనా దోసిలి పట్టి తాగవచ్చు, సీసా నింపుకోవచ్చు. పారిస్‌లో వీధి మరుగుదొడ్లను 2006 నుంచి ఉచితం చేశారు. టోక్యోలోని షిబుయా ప్రాంతంలో పేరున్న వాస్తుశిల్పులు, డిజైనర్ల చేత 17 చోట్ల మరుగుదొడ్లు కట్టించారు. వీటిని చూడటానికి ఎవరూ విమానం ఎక్కి రారు. కానీ రోజంతా తిరిగే కుటుంబానికి సాయంత్రం దాకా ఓపిక మిగిలేది వీటి వల్లే.

ప్రవేశం ఉచితమైతే ఏమవుతుందో లండన్ చూపించింది. అక్కడి జాతీయ మ్యూజియంలలో శాశ్వత ప్రదర్శనలకు 2001 డిసెంబరు నుంచి రుసుము లేదు. డబ్బు మిగలడం ఒక్కటే కాదు దీనివల్ల లాభం. అరగంట చూసి బయటికి రావచ్చు, పిల్లవాడిని భర్త చేతికిచ్చి భార్య లోపలికి వెళ్లవచ్చు, అలసిన పెద్దవాళ్లు కాసేపు బయట గాలి పీల్చుకుని మళ్లీ రావచ్చు. టికెట్ పెట్టక తప్పని చోట కూడా ఈ వెసులుబాటు ఇవ్వవచ్చు. చేతికి ఒక ముద్ర వేసి, ఆ రోజంతా ఎన్నిసార్లయినా రానిస్తే చాలు.

సెలవు రోజుల గందరగోళం మరొకటి. పారిస్‌లో లూవ్ర్ మ్యూజియానికి మంగళవారం సెలవు, నదికి అవతలి ఒడ్డున ఉన్న ఓర్సే మ్యూజియానికి సోమవారం. తాజ్‌మహల్‌కు శుక్రవారం. వాటికన్ మ్యూజియంలకు ఆదివారం సెలవు, నెలలో చివరి ఆదివారం మాత్రం తెరుస్తారు. ఎవరి కారణాలు వారికి ఉంటాయి, మార్చమని అడగను. నగరంలోని చూడదగ్గ చోట్లన్నిటి సెలవులు, చివరి ప్రవేశ సమయాలు ఒకే పట్టికలో ఇచ్చి రైల్వే స్టేషన్‌లోనూ బస్టాండ్‌లోనూ అంటించండి. ఐదింటికి మూస్తారని రాసి నాలుగుంబావుకే టికెట్లు ఆపేస్తే, పిల్లలను పరుగెత్తించుకుంటూ వచ్చిన తండ్రి ఆ కిటికీ ముందు ఎవరికి మొరపెట్టుకోవాలి?

మెట్రో గురించి క్లుప్తంగా చెబుతాను. లండన్, పారిస్ వంటి పాత వ్యవస్థల్లో చాలా స్టేషన్లలో మెట్లు ఎక్కిదిగకుండా రైలు దగ్గరికి చేరే దారి లేదు. పారిస్‌లో 1998లో మొదలైన 14వ లైను మొత్తం వీల్‌చైర్‌తో వెళ్లేలా కట్టారు. ఢిల్లీ మెట్రో మొదటి నుంచీ లిఫ్టులతో వచ్చింది. పాత సొరంగాలకు చెప్పుకోవడానికి ఒక కారణం ఉంది, కొత్తగా కట్టేవాటికి లేదు. లిఫ్టు ఉండటంతో పని అయిపోదు, అది ఏ ద్వారం వైపు ఉందో, ఇవాళ పనిచేస్తోందో లేదో రైలు దిగకముందే తెలియాలి. ప్లాట్‌ఫారం ఈ చివర నుంచి ఆ చివరకు అమ్మమ్మను నడిపించాక 'మరమ్మతులో ఉంది' అన్న అట్ట ముక్క కనిపిస్తే, ఆ రోజు చూడాల్సినవాటిలో ఒకటి అక్కడే రద్దవుతుంది.

మంత్రి గారూ, కొత్త ఆకర్షణలు కట్టేముందు ఉన్నవాటి గేట్ల దగ్గరికి మీ అధికారులను పంపించండి. ఏదైనా సెలవు రోజు ఉదయం నుంచి మూసేవరకు అక్కడే ఉండమనండి. బయట కూర్చున్న ప్రతి మనిషినీ 'మీరెందుకు లోపలికి వెళ్లలేదు?' అని అడిగించి, వారు చెప్పిన కారణాన్ని వారి మాటల్లోనే రాయించండి. సందర్శకుల సంఖ్యతోపాటు ఆ జాబితాను కూడా ప్రతి ఏటా ప్రజల ముందు పెట్టండి. బెంచీలు, క్లోక్‌రూమ్‌లు, తిరిగి ప్రవేశానికి ముద్ర, వీటికి పెద్ద నిధులేమీ అక్కర్లేదు. వచ్చే సెలవుల లోపు ఈ మూడింటికీ ఉత్తర్వులు ఇవ్వాలని కోరుతున్నాను.

ఇట్లు,
కుటుంబంతో నగరాలు చూసే ఒక పౌరురాలు