కయాక్ దారిని మోటారు పడవలోంచి చూస్తే చాలదు

సంపాదకులకు,

పోయిన వారం మీరు మొదటి పేజీలో వేసిన, సరస్సులో కయాక్ (తెడ్డుతో నడిపే సన్నటి చిన్న పడవ) మార్గం ప్రారంభోత్సవం ఫొటో చూశాక ఊరుకోబుద్ధి కాలేదు. ముందు కూర్చున్న పెద్దాయన తెడ్డును తలకిందులుగా పట్టుకున్నారు. రెక్క పొడవైన అంచు పైకి ఉండాలి. లైఫ్ జాకెట్ బకిల్సేమో వేలాడుతున్నాయి. చుట్టూ అంతమంది అధికారులున్నా ఒక్కరి కంటా పడలేదంటే మిగతా పని ఎలా జరిగిందో వేరే చెప్పాలా?

దారి గుర్తుల సంగతే చూడండి. కయాక్‌లో కూర్చున్నవాడి కన్ను నీటికి ముప్పాతిక మీటరు ఎత్తులో ఉంటుంది. నీటిలో పెరిగే జమ్ము గడ్డి రెండు మీటర్లు లేస్తుంది. మోటారు పడవ మీద నిలబడి తనిఖీ చేసిన వారికి పాయలన్నీ విప్పి చూపినట్టే ఉంటాయి, తెడ్డు వేసేవాడికి మాత్రం నాలుగు వైపులా పచ్చటి గోడే. బాణం గుర్తులు ఒకవైపే వేశారు. తిరుగు ప్రయాణంలో కనబడేది ఖాళీ రేకు. పైగా పాయ చీలకముందు పాతాల్సిన బోర్డును చీలిక దాటాక పాతారు, సరైన దారి పట్టినవాడిని అభినందించడానికి కాబోలు! జమ్మును నీటి మట్టానికి పైన కోశారు. నీటి కింద కోస్తే మొదళ్లకు గాలి అందక కుళ్లేది. ఇప్పుడు మళ్లీ చిగురిస్తుంది, దారి మూసుకుపోతుంది, ఇంకో టెండరు పిలుస్తారు.

రేవు మీటరు ఎత్తుంది. కయాక్‌కు జానెడు ఎత్తు చాలు. రేవు పలక అంచున కూర్చుని, కాళ్లు లోపల పెట్టి, నడుమును సీటు మధ్యలోకి జార్చాలి. మీటరు పైనుంచి దిగితే బరువంతా ఒక పక్కన పడి అక్కడే బోల్తా. నీరు తగ్గేకొద్దీ ఆ ఎత్తు ఇంకా పెరుగుతుంది. నీటితో పాటే దిగే తేలే పలకలను రేవులకు వాడేది అందుకే.

అద్దె పడవల్లో నీరు నిండకుండా ఆపే గాలి సంచులూ లేవు, అడ్డుపలకలూ లేవు. అలాంటిది బోల్తా పడితే వందలాది లీటర్ల నీరు నిండుతుంది, లీటరుకు కిలో బరువు. నడి సరస్సులో దాన్ని ఎత్తి పారబోయడం ఎవరి తరం? కొత్తవారికి లోపల కాకుండా పైన కూర్చునే రకం కయాక్ ఇస్తే తిరగేసి మళ్లీ ఎక్కొచ్చు. జాకెట్ల సైజు చూసే నాథుడు లేడు. బిగించాక భుజాల దగ్గర పట్టుకుని పైకి లాగితే గడ్డం దాటి వచ్చేది పనికిరాదు.

గాలి మాట ఎవరూ ఎత్తరు. ఈ మార్గం గాలివాటున విశాలమైన నీటిని దాటించి, అలసిపోయాక ఎదురుగాలికి తిరిగి రమ్మంటోంది. కొత్తవాడి వేగం గంటకు 4, 5 కిలోమీటర్లు. గాలి 20 కిలోమీటర్లకు చేరితే అలల మీద తెల్లటి నురుగు కనిపిస్తుంది. అది కనిపిస్తే బయలుదేరవద్దని రేవు దగ్గర ఒక్క వాక్యం రాస్తే పోయేదేముంది? అక్కడున్నది ప్రారంభోత్సవం చేసినవారి పేర్లు, హోదాలు. ఈ మధ్య ఏ పని చూసినా ఇదే వరస. శిలాఫలకానికి గ్రానైటు, పనికి తుప్పు రేకు.

కనీసం ప్రతి స్తంభానికీ రెండు వైపులా అంకెలు వేయించండి, అవే అంకెలు మ్యాపులోనూ ఉండాలి. దారి తప్పినవాడు ఫోన్ చేసి "చుట్టూ జమ్మే ఉందండీ" అంటే, వెతకడానికి బయలుదేరిన పడవ ఎటు వెళ్లాలి?

— ఒక పాఠకుడు